లైడెన్ జాడీ చేసే ముందు చదవండి: పిల్లలకూ, పక్కనుండే పెద్దలకూ జాగ్రత్తలు

పోయిన వారం విజయవాడలో ఒక స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కి మోడల్స్ తయారవుతున్నాయి. ముగ్గురు పిల్లలు కలిసి వాటర్ బాటిల్‌తో లైడెన్ జాడీ, అంటే విద్యుత్ చార్జ్‌ని నిల్వ చేసే సీసా, చేశారు. ల్యాబ్‌లోని విమ్‌షర్స్ట్ మెషిన్‌తో (చేత్తో తిప్పితే చార్జ్ పుట్టించే యంత్రం) దాన్ని చార్జ్ చేసి, బెల్ కొట్టగానే బల్ల మీద అలాగే వదిలేసి భోజనానికి వెళ్ళారు. బల్ల సర్దుదామని వచ్చిన తొమ్మిదో తరగతి అబ్బాయి ఒక చేత్తో ఫాయిల్ చుట్టిన సీసాను పట్టుకుని, రెండో చేత్తో మూతలోంచి పైకి వచ్చిన మేకును సరిచేయబోయాడు. షాక్‌కి ఒళ్ళంతా అదిరి వెనక్కి పడ్డాడు. వెనక బల్ల అంచు తలకు తగిలి కుట్లు పడ్డాయి. ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ నేను వెళ్ళి మాట్లాడినప్పుడు ఆ పిల్లలందరూ ఒకే మాట అన్నారు: “మెషిన్ ఆపేశాం కదా సార్, ఇంకా కరెంటు ఎక్కడుంటుంది?”

ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం వస్తోందంటే విజయవాడ, గుంటూరు స్కూళ్ళలో ఈ జాడీలు వరసగా కనిపిస్తాయి. సీసా, ఉప్పు నీళ్ళు, మేకు, అల్యూమినియం ఫాయిల్ ఉంటే చాలు, పది నిమిషాల్లో తయారవుతుంది. చేయొద్దని నేను అనను. కెపాసిటర్, అంటే చార్జ్ నిల్వ చేసే పరికరం, ఏమిటో పిల్లలకి ఇంత బాగా అర్థమయ్యే మోడల్ ఇంకోటి లేదు. తడి చేతులతో ముట్టుకోకూడదు, చిన్నపిల్లలకి అందనివ్వకూడదు లాంటివి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. సైన్స్ ఫెయిర్లకు జడ్జిగా వెళ్ళినప్పుడల్లా నాకు కనిపించే తప్పు ఒకటుంది. దాని గురించే ఎక్కువగా చెబుతాను, మళ్ళీ మళ్ళీ చెబుతాను.

ఆ తప్పు ఇది. చార్జ్ చేయడం ఆపేస్తే జాడీ ఖాళీ అయిపోయిందనుకోవడం.

సీసాలో నిజంగా ఏముంది

మోటారు ఆపినంత మాత్రాన ట్యాంకులో నీళ్ళు పోవు. జాడీ సంగతీ అంతే. పీవీసీ పైపును ఉన్నిగుడ్డతో రుద్ది మేకుకు అందించినా, మెషిన్ తిప్పినా, లోపలి నీటి మీద ఒక రకం చార్జ్, బయటి ఫాయిల్ మీద దానికి వ్యతిరేక చార్జ్ చేరతాయి. మధ్యలో ప్లాస్టిక్ గోడ అడ్డం. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూ ఆ గోడకి అటూ ఇటూ అతుక్కుని కూర్చుంటాయి. మెషిన్‌ని పక్క గదిలో పెట్టినా, రుద్దిన పైపును కిటికీలోంచి పారేసినా వాటికి సంబంధం లేదు. పొడి గాలిలో, ఏసీ గదిలో ఆ చార్జ్ గంటల తరబడి ఉండొచ్చు.

నీళ్ళు పారబోస్తే సరిపోతుందనుకునే పిల్లలు కూడా ఉన్నారు. సరిపోదు. చార్జ్ నీళ్ళలో తేలుతూ ఉండదు, గాజును అంటిపెట్టుకుని ఉంటుందని అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740ల చివర్లోనే చేసి చూపించాడు. పైగా పారబోయాలంటే సీసాను పట్టుకోవాలి, మూత ముట్టుకోవాలి. షాక్ కొట్టేది సరిగ్గా అప్పుడే.

మామూలు లీటరు బాటిల్‌కి ఫాయిల్ చుడితే దాని కెపాసిటీ, అంటే చార్జ్ పట్టే సామర్థ్యం, దాదాపు 1 నుంచి 3 నానోఫారడ్ల దాకా వస్తుంది (నానోఫారడ్ ఆ సామర్థ్యానికి కొలత). 1 నానోఫారడ్‌ని 10,000 వోల్టులకు చార్జ్ చేస్తే అందులో ఉండే శక్తి 0.05 జౌళ్ళు (జౌలు శక్తికి కొలత, మిల్లీజౌలు అందులో వెయ్యో వంతు). ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గొళ్ళెం పట్టుకున్నప్పుడు చురుక్కుమనేది కొన్ని మిల్లీజౌళ్ళే. అంటే మామూలు బాటిల్ కూడా దానికంటే పది రెట్లు గట్టిగా కొడుతుంది. వోల్టేజీ రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. అదే బాటిల్ 20,000 వోల్టుల దగ్గర 0.2 జౌళ్ళు. పావు జౌలు దగ్గరికి వస్తే పెద్దవాళ్ళకే గట్టి దెబ్బ. 10 జౌళ్ళ దగ్గర ప్రాణాలకే ముప్పు.

ఒక్క బాటిల్‌తో చచ్చిపోతారని నేను భయపెట్టడం లేదు. కానీ ఒక్క బాటిల్‌తో ఎవరూ ఆగరు. పక్క సెక్షన్ వాళ్ళు రెండు పెడితే మనవాళ్ళు నాలుగు పెడతారు. మేకులన్నీ ఒక వైరుతో, ఫాయిళ్ళన్నీ ఇంకో వైరుతో కలిపితే కెపాసిటీలు కూడుకుంటాయి. 3 నానోఫారడ్ల బాటిళ్ళు నాలుగు కలిపి 20,000 వోల్టులు ఎక్కిస్తే 2.4 జౌళ్ళు. ఇరవై కలిపితే 12. ఇంటర్ చదివే పిల్లలకి ఈ లెక్క పుస్తకంలోనే ఉంది, పరీక్షలో ఠకామని వేస్తారు. బల్ల మీద సీసాలు వరసగా పేర్చేటప్పుడు మాత్రం ఒక్కరూ వేయరు.

రెండు చేతులు

ఈ జాడీ కథ మొదలైందే షాక్‌తో. 1746లో హాలండ్‌లోని లైడెన్‌లో ముషెన్‌బ్రూక్ అనే ప్రొఫెసర్ ఈ ప్రయోగం గురించి రాస్తూ, ఫ్రాన్స్ రాజ్యం మొత్తం ఇస్తామన్నా ఇంకోసారి ఆ దెబ్బ తినను అన్నాడు. అప్పుడు జరిగింది మన అబ్బాయికి జరిగిందే. ఒక చేతిలో సీసా, రెండో చెయ్యి లోపలి లోహం మీద.

ఫ్రాంక్లిన్‌కీ తప్పలేదు. 1750 డిసెంబరు 23న రెండు పెద్ద జాడీలతో ఒక టర్కీ కోడిని చంపి చూపించబోయి, ఒక చేత్తో పైన తీగలు, రెండో చేత్తో బయటి గొలుసు పట్టుకుని ఆ దెబ్బంతా తానే తిన్నాడు. వెలుగూ చప్పుడూ చుట్టూ ఉన్నవాళ్ళకి తెలిశాయి గానీ ఆయనకి తెలియలేదు. ఛాతీ ఎముక తర్వాత కూడా నొప్పి పెట్టిందని స్వయంగా రాసుకున్నాడు. జాడీల గురించి ఆ రోజుల్లో ఆయన కంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ప్రపంచంలోనే తక్కువ. తెలివి ఉంటే తప్పించుకోవచ్చని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

రెండు చేతుల మధ్య దారి అంటే ఛాతీ మీదుగా దారి. అందుకే జాడీ దగ్గర ఒక చెయ్యి వెనక జేబులో ఉండాలి. ఇది చాదస్తం కాదు. పాత ట్యూబ్ టీవీలు బాగుచేసే మెకానిక్‌లు ఇప్పటికీ పాటించే పద్ధతి. ఆ టీవీల పిక్చర్ ట్యూబే ఒక పెద్ద లైడెన్ జాడీ. గాజుకి లోపల ఒక పూత, బయట ఒక పూత, మధ్యలో 20,000 వోల్టుల పైమాట. ప్లగ్ పీకేశాక కూడా అది నిండుగానే ఉంటుంది. తెలిసిన మెకానిక్ దాన్ని ఒకసారి ఖాళీ చేసి ఊరుకోడు. కాసేపాగి మళ్ళీ చేస్తాడు.

ఎందుకు మళ్ళీ? ఖాళీ చేసిన జాడీలోకి చార్జ్ తిరిగి వస్తుంది. గాజులోకీ ప్లాస్టిక్‌లోకీ, ఫాయిల్ లేని పై అంచు మీదకీ పాకిన చార్జ్ మొదటి నిప్పురవ్వలో అంతా బయటికి రాదు. తర్వాత నెమ్మదిగా మేకు దగ్గరికి చేరుతుంది. మొదటిసారి ఢమ్మని చప్పుడు వచ్చింది కదా, ఇక భయం లేదని చెయ్యి పెట్టినవాళ్ళకి రెండో దెబ్బ తగులుతుంది. అది చిన్నదే. కానీ సిద్ధంగా లేనివాళ్ళకి చిన్నదే పెద్దది. ఉలిక్కిపడి వెనక్కి పడతారు, చేతిలో గాజు సీసా ఉంటే జారిపోతుంది. ఇలాంటి షాక్‌లలో నేను చూసిన గాయాలు ఎక్కువగా పడిపోవడం వల్ల, గాజు పగలడం వల్ల అయినవే.

ఖాళీ చేసే పద్ధతి

చార్జ్ చేయకముందే జాడీని ఒక స్టీలు పళ్ళెంలో పెట్టండి, ఫాయిల్ పళ్ళేనికి ఆనుకుని ఉండేలా. మూరెడు పొడవున్న వైరు తీసుకుని, ఒక కొసకు క్రొకడైల్ క్లిప్ (పళ్ళున్న చిన్న లోహపు క్లిప్) వేసి పళ్ళెం అంచుకు కరిపించండి. అది అక్కడే ఉంటుంది, చివరిదాకా తీయరు. రెండో కొసను అడుగు పొడవున్న పీవీసీ పైపు ముక్క చివర టేపుతో కట్టండి, రాగి తీగ కాస్త బయటికి ఉండేలా. పైపును అవతలి చివర పట్టుకుని, రాగి కొసను మేకుకు తాకించండి. చప్పుడు వస్తుంది. తీసేయకండి, పది లెక్కపెట్టండి. తర్వాత తీసి, అయిదు నిమిషాలాగి మళ్ళీ తాకించండి. ఇంకోసారి కూడా. ఆ తర్వాతే ఇంకో క్లిప్ వైరుతో మేకునూ ఫాయిల్‌నూ కలిపేసి, అలా కలిపే బీరువాలో పెట్టండి. ఆ వైరు లేని జాడీ కనిపిస్తే అది నిండుగా ఉందనే అనుకోండి. ఎవరు ఖాళీ చేశామన్నా నమ్మొద్దు.

ముందు బయటి ఫాయిల్ వైపు, తర్వాతే మేకు. ఈ వరస మారకూడదు. ముందే మేకును తాకి, ఇంకో కొస చేత్తో పట్టుకుని ఫాయిల్ కోసం వెతికితే ఆ వైరు మీరే అవుతారు.

స్క్రూడ్రైవర్‌తో చేస్తామంటారు కొందరు. టెస్టర్‌తో కూడా. పిడి పగిలి ఉంటుంది, వేలు లోహం మీదకి జారుతుంది. పైపు ముక్కకు పది రూపాయలు కూడా కాదు, అదే వాడండి.

చార్జ్ ఎక్కడినుంచి తెస్తున్నారు

ఇది మన ఊళ్ళకే ప్రత్యేకమైన ఇబ్బంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఒకవైపు కృష్ణ, ఊరి మధ్యలోంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. విజయవాడ గాలిలో తేమకు కొదవ లేదు. తేమ గాలిలో ప్లాస్టిక్ మీద కంటికి కనిపించని నీటి పొర పట్టి చార్జ్ కారిపోతుంది. పిల్లలు అరగంటసేపు పైపు రుద్దుతారు, జాడీలోంచి ఒక్క రవ్వ రాదు. రేపే ఫెయిర్, టెన్షన్ మొదలవుతుంది. ఎవడో ఒకడు అంటాడు: “దోమల బ్యాట్ విప్పుదాం రా.” ఇంకొకడు పాత టీవీ ఉందంటాడు. ఇంకొకడు పాడైన మైక్రోవేవ్ ఒవెన్ గురించి యూట్యూబ్‌లో చూశానంటాడు.

అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. పైపుతో రుద్దినప్పుడు జాడీలోకి వచ్చేది మీ చేతి కష్టం మాత్రమే, కాబట్టి దానికో హద్దు ఉంటుంది. మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆ హద్దు లేదు. అది 2,000 వోల్టుల దగ్గర మనిషిని చంపగలిగేంత కరెంటును ఆపకుండా ఇస్తుంది. షాక్ కొట్టి వదిలేసే రకం కాదు. అందులో ఉండే కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా నిండి ఉండొచ్చు. ఖాళీ చేయడానికి లోపల రెసిస్టర్ పెడతారు గానీ, పాడైన ఒవెన్‌లో ఆ రెసిస్టరే పాడైతే? ఏసీ బయటి యూనిట్‌లో కెపాసిటరూ అంతే, ఇన్వర్టర్ లోపలివీ అంతే. వీటి ముందు కూడా వినిపించే మాట అదే: ఆపేశాం కదా, ప్లగ్ తీసేశాం కదా. తీసేస్తే మూలం పోయింది. నిల్వ పోలేదు.

రవ్వ రాకపోతే చేయాల్సినవి వేరే ఉన్నాయి. సీసా బయటి పై భాగాన్ని పొడిగుడ్డతో తుడవండి, హెయిర్ డ్రయర్ ఉంటే కాసేపు వేడిగాలి కొట్టండి. పై మూడో వంతు ఫాయిల్ లేకుండా వదిలారో లేదో చూడండి. మేకు కొస సూదిగా ఉంటే చార్జ్ గాలిలోకి పోతుంది, దానికి ఫాయిల్ ఉండ తొడగండి. కూలర్ తిరిగే గది వద్దు, కూలర్ గాలికే తేమ పెంచుతుంది. ఏసీ గది మేలు. కానీ ఇక్కడే ఒక మాట గుర్తుంచుకోండి. ఇంట్లో తేమలో రవ్వ కూడా రాని జాడీ, ఫెయిర్ జరిగే ఏసీ హాల్లో గట్టిగా కొడుతుంది. నిన్న ఏమీ కాలేదని ఇవాళ చెయ్యి పెట్టేవాళ్ళు ఇలాగే దెబ్బ తింటారు.

ఇక మిగిలినవి

– చేతులు పట్టుకుని వరసగా నిలబడే ఆట వద్దు. 1746లో ఫ్రాన్స్‌లో నొలే అనే ఆయన 180 మంది సైనికుల్ని ఇలా నిలబెట్టి రాజుగారి ముందు ఎగిరించాడు. సైన్స్ ఫెయిర్లలో ఇప్పటికీ చేస్తున్నారు. ఆ వరసలో ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ షాక్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, ఛాతీ మీదుగా పోతుంది. ఎవరి గుండె ఎలాంటిదో మీకు తెలియదు.

– గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఆ బల్ల దగ్గరికి రాకూడదు. స్టాల్ ముందు బోర్డు పెట్టండి. చూడటానికి వచ్చే తాతయ్యల్ని, అమ్మమ్మల్ని అడిగి మరీ పంపండి.

– ఒక్క బాటిల్. అరలీటరుదైతే ఇంకా మంచిది. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్‌కి ఫాయిల్ చుట్టొద్దు.

– గాజు సీసా వద్దు. పచ్చడి జాడీ అసలే వద్దు, జారితే కాళ్ళ మీద పగులుతుంది.

– ప్లగ్ సాకెట్‌లో పైనున్న పెద్ద రంధ్రం ఎర్త్ అని తెలుసు కదా అని అందులో వైరు దూర్చొద్దు. మీ ఇంటి వైరింగ్ చేసినవాడు సరిగా కలిపాడో లేదో మీకు తెలియదు. ఒకవేళ అది పక్క రంధ్రంలోని వైరుకి తగిలితే 230 వోల్టులు. పళ్ళెం నేల మీద ఉంటే చాలు, వేరే ఎర్త్ అక్కర్లేదు.

– శానిటైజర్, స్పిరిట్, థిన్నర్, పెట్రోలు, గ్యాస్ స్టవ్. ఇవి ఉన్న గదిలో జాడీ ఉండకూడదు. పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి మిల్లీజౌలులో నాలుగో వంతు చాలు. మీ బాటిల్లో దానికి రెండు వందల రెట్లు ఉంది. ల్యాబ్‌లో కెమిస్ట్రీ బల్ల పక్కన ఫిజిక్స్ బల్ల వేసే స్కూళ్ళు దీన్ని రెండుసార్లు చదవండి.

– వంటింట్లో వద్దు.

– మబ్బు పట్టినప్పుడు డాబా మీద వద్దు. గాలిపటం దారానికి, టీవీ యాంటెన్నాకి జాడీ కలపొద్దు. 1753లో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త ఆకాశంలోని విద్యుత్తును ఇంట్లోకి తెచ్చి కొలవబోయి పిడుగు దెబ్బకు అక్కడికక్కడే పోయాడు. వేసవి వానలకు మన జిల్లాల్లో పిడుగులు ఎలా పడతాయో వేరే చెప్పాలా.

– ఫోన్, ల్యాప్‌టాప్, వినికిడి మిషన్ ఆ బల్ల మీద పెట్టొద్దు. రవ్వ దగ్గరగా పడితే పాడవుతాయి.

– ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. మెడలో గొలుసు లోపలికి వేసుకోండి.

– ఒంటరిగా చేయొద్దు. రాత్రి అందరూ పడుకున్నాక అసలే చేయొద్దు.

– నిలబడి కాదు, కూర్చుని చేయండి. వెనక ఖాళీ ఉండాలి. బల్ల అంచు, మెట్లు, కిటికీ తలుపు వెనక లేకుండా చూసుకోండి. ఆ అబ్బాయికి కుట్లు పడింది బల్ల అంచు వల్లే.

– చార్జ్ చేసిన జాడీని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి ఇవ్వొద్దు. ఎంత ప్రాణస్నేహితుడైనా సరే. “పట్టుకోరా” అని విసిరే ఆట ఆడేవాణ్ణి ఆ రోజుకి స్టాల్‌లోంచి పంపేయండి.

– చార్జ్ చేసిన జాడీని వదిలి వెళ్ళొద్దు. బెల్ కొట్టినా, అమ్మ పిలిచినా, జడ్జి పక్క స్టాల్‌కి వచ్చినా సరే. ముందు ఖాళీ. తర్వాతే మిగతా పని.

– టీచర్లు: పిల్లలు ఖాళీ చేశామంటే నమ్మొద్దు. మేకునూ ఫాయిల్‌నూ కలిపే వైరు మీ కళ్ళతో చూడండి. లేకపోతే పైపు తీసుకుని మీరే చేయండి.

– తల్లిదండ్రులు: ఇంట్లో పాత మైక్రోవేవ్, పాత ట్యూబ్ టీవీ, పాడైన ఇన్వర్టర్ ఉంటే ఈ నెల్లోనే పాత సామాన్ల వాడికి ఇచ్చేయండి. పిల్లవాడు ప్రాజెక్టుకి దోమల బ్యాట్ అడిగితే ఎందుకని అడగండి.

– ఎవరైనా పడిపోతే: జాడీ ఒక్కసారి కొట్టేసి ఊరుకుంటుంది కాబట్టి మనిషిని ముట్టుకోవచ్చు, సీసాను మాత్రం ముట్టుకోవద్దు. వేరే కరెంటు ఏదైనా కలిపి ఉంటే ముందు మెయిన్ స్విచ్ ఆపండి. స్పృహ లేకపోతే 108కి ఫోన్ చేయండి. స్పృహ లేకుండా, ఊపిరి కూడా తీసుకోకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. లేచి కూర్చుని మామూలుగా మాట్లాడుతున్నా సరే, గుండె దడగా ఉందన్నా, ఛాతీ నొప్పి అన్నా, తలకు దెబ్బ తగిలినా ఆసుపత్రికి తీసుకెళ్ళి ఈసీజీ తీయించండి. స్కూలు పేరు పోతుందని దాచిపెట్టొద్దు.

– మెషిన్ ఆపితే జాడీ ఖాళీ కాదు. ప్లగ్ తీస్తే ఖాళీ కాదు. నీళ్ళు పారబోస్తే ఖాళీ కాదు. ఒకసారి రవ్వ వస్తే పూర్తిగా ఖాళీ కాదు. మేకుకూ ఫాయిల్‌కూ మధ్య వైరు ఉంటేనే ముట్టుకోండి.